గాలికి తిరిగే పిల్లలు

మొన్న వానాకాలంలో మా బావగారు రాజమండ్రినుంచి హైదరాబాదు వచ్చారు. అక్కయ్య రాలేదుగాని, పన్నెండేళ్ళ మా మేనల్లుణ్ణి వెంటబెట్టుకు వచ్చారు. చార్మినారూ, సాలార్‌జంగు మ్యూజియమూ చూపించి, మూడోరోజు సాయంత్రం ఇద్దర్నీ టాంక్‌బండ్ మీదికి షికారు తీసుకువెళ్ళాను. హుస్సేన్ సాగరం నడుమ బుద్ధుడు ఎప్పటిలాగే అభయహస్తంతో నిలబడి ఉన్నాడు. ఆయనకు ఆవల, నీళ్ళమీద తెల్లటి చిన్న తెరచాపలు పదో పన్నెండో, చెరువులో కొంగలు వాలినట్లు అటూ ఇటూ కదులుతున్నాయి.

"ఏమిటోయ్ అవి? డబ్బున్నవాళ్ళ సరదాలు కాబోలు!" అన్నారు బావగారు.

"కాదండీ. వాటిలో ఉన్నవాళ్ళు చాలామటుకు బస్తీల పిల్లలు, సర్కారు బళ్ళలో చదువుకునేవాళ్ళు" అన్నాను.

ఆయన ఒక పట్టాన నమ్మలేదు. "తిండికీ బట్టకూ తడుముకునే పిల్లలకు పడవలెందుకోయ్? ఆ ఖర్చుతో నాలుగు పుస్తకాలు కొనిపెట్టరాదూ? అసలే గాలికి తిరిగే పిల్లలు. వాళ్ళను మళ్ళీ గాలికే వదిలారన్నమాట!" అని నవ్వారు.

మాట చమత్కారంగానే ఉన్నదిగాని, ప్రశ్న తేలికైనది కాదు. పేదపిల్లల చేతికి తెరచాప తాడు అందించిన ప్రతివారినీ, ఏ దేశంలోనైనా, ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతూనే ఉన్నారు. వారేమి సమాధానం చెప్పారో, అది ఎంతవరకు నిలిచిందో చూద్దాం.

యాభై డాలర్ల పడవ

హుస్సేన్ సాగరంలో ఆ పిల్లలు ఎక్కిన బుల్లి పడవకు ఒక కథ ఉన్నది. దాని పేరు ఆప్టిమిస్ట్. అంటే ఆశావాది. పొడవు ఎనిమిది అడుగులైనా ఉండదు. బరువు 35 కిలోలు. ఒకే ఒక తెరచాప. పదిహేనేళ్ళలోపు పిల్లలకోసం చేసినది. ముందుభాగం అన్ని పడవలకు మల్లే మొనదేలి ఉండదు. ముక్కు కోసేసినట్లు చదరంగా ఉంటుంది.

ఆ ముక్కు ఎందుకు తెగిందో వింటే ఆశ్చర్యం వేస్తుంది. 1947లో అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రంలో, క్లియర్‌వాటర్ అనే సముద్రతీరపు ఊళ్ళో ఆప్టిమిస్ట్ క్లబ్ అని ఒక సేవాసంఘం ఉండేది. అప్పట్లో అక్కడి కుర్రవాళ్ళు చెక్కపెట్టెలకు చక్రాలు బిగించి, బళ్ళు చేసి పందేలు వేసుకునేవారు. మేజర్ క్లిఫర్డ్ మెకే అనే ఆయనకు ఒక ఆలోచన తోచింది. బండిపందెం ఒక్కనాటితో తీరిపోతుంది. చుట్టూ ఇంత నీరు ఉండగా ప్రతి పిల్లవాడికీ ఒక పడవ ఎందుకు ఉండకూడదు? అయితే ఖర్చు యాభై డాలర్లు మించరాదు. తండ్రీ కొడుకూ కలిసి పెరట్లో కూర్చుని చేసుకోగలగాలి.

ఆ ఊళ్ళోనే క్లార్క్ మిల్స్ అనే పడవలు కట్టే పనివాడున్నాడు. ఆయన లెక్క వేసి చూచాడు. ఆ ధరకు వచ్చేవి ఎనిమిది అడుగుల పొడవూ నాలుగు అడుగుల వెడల్పూ గల ప్లైవుడ్ పలకలు రెండు. ఆ పొడవులో మొనదేలిన పడవ ఇమడదు. సరే, మొన అక్కర్లేదన్నాడు. ఆ విధంగా పుట్టింది మొండిముక్కు పడవ. నమూనాను మిల్స్ ఆ క్లబ్బుకే ఇచ్చేశాడు. 1954లో ఒక డెన్మార్కు దేశస్థుడు దాన్ని యూరపుకు తీసుకుపోయాడు. నేడు ప్రపంచంలో చిన్నపిల్లలు నడిపే తెరచాప పడవల్లో దానికి మించిన ప్రచారం మరి దేనికీ లేదు. డబ్బున్నవాళ్ళ పిల్లలూ అందులోనే కూర్చుని ఓనమాలు దిద్దుకుంటున్నారు.

హైదరాబాదులో 2009లో సుహేమ్ షేక్ అనే ఆయన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్‌ను స్థాపించారు. పేదపిల్లలను ఎంచుకుని, వారికి ఉచితంగా ఈ విద్య నేర్పడం ఆ క్లబ్బు చేపట్టిన పనుల్లో ముఖ్యమైనది. అక్కడ తెరచాప పట్టిన ప్రీతి కొంగర 2023లో చైనాలోని హాంగ్జౌ నగరంలో జరిగిన ఏషియా క్రీడలలో భారతదేశం తరఫున పడవ నడిపింది. అవే క్రీడల్లో తెరచాప పందెంలో వెండిపతకం తెచ్చిన నేహా ఠాకూర్ మధ్యప్రదేశ్‌లో ఒక రైతుబిడ్డ. ఆమె సాధన చేసింది భోపాల్ చెరువులో. సముద్రం మొగం ఎరుగని ఊళ్ళనుంచి వచ్చిన పిల్లలు వీళ్ళు!

ఎదురుగాలి చదువు

అయితే పతకాలు ఎందరికి వస్తాయి? నూటికి ఒక్కరికి. మిగిలిన తొంభైతొమ్మిది మందికి ఏమి ఒరుగుతుంది? అది తెలియాలంటే పడవ ఎలా నడుస్తుందో కాస్త తెలుసుకోవాలి.

గాలి వెనకనుంచి వీస్తే తెరచాప పడవ ముందుకు పోతుందన్నది అందరికీ తెలిసిందే. కాని గాలికి ఎదురుగా కూడా పోవచ్చునంటే చాలామంది నమ్మరు. తడి చింతగింజను రెండు వేళ్ళమధ్య బిగించి నొక్కితే ఏమవుతుంది? చటుక్కున ముందుకు ఎగిరిపడుతుంది. వేళ్ళు నొక్కింది ప్రక్కలనుంచి, గింజ పోయింది ముందుకు. పడవలోనూ రమారమి అంతే. తెరచాపను ఏటవాలుగా బిగిస్తే గాలి ఒక ప్రక్కకు నెడుతుంది. పడవ అడుగున నీటిలోకి దింపిన పలక ఆ ప్రక్కకు పోనివ్వదు. ఇక పోవడానికి మిగిలిన దారి ముందుకే.

అయినా సూటిగా ఎదురుగాలిలోకి ఏ పడవా పోలేదు. కొంతదూరం కుడివైపు ఏటవాలుగా, మళ్ళీ కొంతదూరం ఎడమవైపు ఏటవాలుగా పోవాలి. తిరుమల కొండను బస్సు నిట్టనిలువుగా ఎక్కదు గదా! మెలికలు తిరుగుతూనే పైకి చేరుతుంది. తొందరపడి మూతి సూటిగా గాలిలో పెట్టారా, తెరచాప టపటపా కొట్టుకుని పడవ ఉన్నచోటనే ఆగిపోతుంది.

ఇంకొక విశేషం ఉన్నది. ఆప్టిమిస్ట్ పడవలో పిల్లవాడు ఒక్కడే ఉంటాడు. నేర్పేవాడు వేరే పడవలో దూరంగా ఉంటాడు. కేకవేసి చెప్పవచ్చునేగాని, చెయ్యి చాపి చుక్కాని అందుకోలేడు. పడవ బోల్తాపడితే పిల్లవాడే దాని అడుగు పలకమీద కాళ్ళు మోపి నిలబెట్టుకోవాలి, నీళ్ళు తోడిపోసుకోవాలి. తొడుక్కున్న తేలుడు కోటు మునగనివ్వదు. మిగిలిన పని అంతా తనదే.

పేదపిల్లవాడికి బ్రతుకులో తిట్లకు కొదువలేదు, ఉచిత సలహాలకు అంతకన్నా కొదువలేదు. "ఇది నీ చేతిలో ఉన్నది, నువ్వే నడుపు" అని ఒక వస్తువును నమ్మి ఇచ్చేవారే అరుదు.

యుద్ధంలో పుట్టిన బడి

ఈ సంగతిని మొట్టమొదట గట్టిగా పట్టుకున్నవారిలో కుర్ట్ హాన్ ఒకరు. జర్మనీలో యూదుకుటుంబంలో పుట్టి, సాలెం అనే చోట బడి నడిపిన ఉపాధ్యాయుడు ఆయన. హిట్లరును బహిరంగంగా ఎదిరించినందుకు 1933లో జైలులో పెట్టారు. విడుదలై ఇంగ్లండుకు వలసపోయి, 1934లో స్కాట్లండులో గోర్డన్‌స్టన్ పాఠశాల స్థాపించారు.

అంతలో రెండవ ప్రపంచయుద్ధం వచ్చింది. జర్మన్ జలాంతర్గాములు అట్లాంటిక్‌లో బ్రిటిషు వర్తకపు ఓడలను వరుసగా ముంచివేస్తున్నాయి. బ్లూ ఫనెల్ ఓడల కంపెనీ భాగస్వామి లారెన్స్ హోల్ట్ ఒక విచిత్రం గమనించాడు. ఓడ మునిగి నావికులు చిన్న పడవల్లో రోజులతరబడి కొట్టుకుపోతున్నప్పుడు, కండలు తిరిగిన కుర్రవాళ్ళు ముందు ప్రాణాలు వదులుతున్నారు. వయసు మళ్ళిన పాత కళాసులు బ్రతికి బయటపడుతున్నారు. కారణం బలం కాదు. తెరచాప ఓడల కాలంలో గాలితో, చలితో, ఆకలితో మల్లగుల్లాలు పడినవారికి "ఇంతకుముందు ఇలాంటిది దాటాను, ఇప్పుడూ దాటుతాను" అన్న నమ్మకం ఉన్నది. కుర్రవాళ్ళకు ఆ అనుభవం లేదు.

హాన్, హోల్ట్ ఇద్దరూ కలిసి 1941లో వేల్సు తీరాన అబర్‌డవీ గ్రామంలో సముద్రపు బడి ఒకటి తెరిచారు. రేవు వదిలి బయలుదేరే ఓడకు నావికులు వాడే మాటతో దానికి అవుట్‌వర్డ్ బౌండ్ అని పేరు పెట్టారు. శిక్షణ 26 రోజులు. ఓడకంపెనీ కుర్రవాళ్ళతోపాటు కర్మాగారాల కూలిపిల్లలూ, గొప్ప బళ్ళలో చదివే ధనికుల బిడ్డలూ ఒకే పడవలో తెడ్లు వేశారు. అక్కడి ఉద్దేశం అందరినీ నావికులుగా తయారుచేయడం కాదు. సముద్రంకోసం నేర్పడం కాదు, సముద్రంచేత నేర్పించడం అన్నది వారి సూత్రం.

యుద్ధం ముగిసింది. బడి ముగియలేదు. ఆ పద్ధతి దేశదేశాలకూ పాకింది.

ఆర్థికమంత్రిగారి పడవ

1958నుంచి 1960దాకా బ్రిటన్‌కు ఆర్థికమంత్రిగా ఉన్న డెరిక్ హీత్‌కోట్ ఏమరీ బ్రహ్మచారి, పడవల ప్రియుడు. పదవి వదిలిన ఆ 1960లోనే ఆయన లండన్ సెయిలింగ్ ప్రాజెక్టు అనే సంస్థను స్థాపించారు. లండను యువజన సంఘాల కుర్రవాళ్ళను తన సొంత పడవ ఐలాంథస్‌లో ఎక్కించుకుని సముద్రంమీదికి తీసుకుపోవడం దాని పని. దేశపు బొక్కసం తాళంచెవులు మోసినాయన, మురికివాడల కుర్రవాళ్ళకు తాళ్ళముడులు నేర్పుతూ కూర్చున్నారన్నమాట! ఆ సంస్థ తరువాత రోనా సెయిలింగ్ ప్రాజెక్టు అన్న పేరు పెట్టుకుని, ఇంగ్లండు దక్షిణతీరాన సౌతాంప్టన్ ప్రక్కనున్న హాంబుల్ నదినుంచి పడవలు నడుపుతున్నది.

ఇటువంటి సంస్థల్లో పడవమీద సరంగూ, అతని సహాయకులూ చాలామటుకు స్వచ్ఛంద సేవకులు. ఒకరు బడిపంతులు, ఒకరు ఇంజనీరు, ఒకరు పింఛను పుచ్చుకుంటున్న ఉద్యోగి. ఏడాదిలో దొరికే సెలవుల్లో ఒక వారం ఇలా గడుపుతారు. పైసా పుచ్చుకోరు. పైగా అందుకు అర్హత సంపాదించడానికి పరీక్షలు ప్యాసు కావాలి, ఏటేటా సాధన చేయాలి.

పిల్లలు సోమవారంనాడు రేవుకు వస్తారనుకోండి. ఒకరికొకరు కొత్త. కొందరు అనాథశరణాలయంనుంచి, కొందరు బడినుంచి వెళ్ళగొట్టబడి, కొందరు అప్పటికే పోలీసుల చేతిలో పడి వచ్చినవారు. మొదటిరోజు ఏమున్నది? తాళ్ళపేర్లు, ముడులు, నడుముకు కట్టుకునే పట్టీ. రెండోరోజు సముద్రం. కడుపులో దేవుతుంది. "ఇంటికి పంపించండి" అని ఏడ్చేవాడొకడు, ఎవరిమీదో చెయ్యి చేసుకునేవాడొకడు. ఓడకు తలుపులు లేవు, అలిగి బయటికి పోవడానికి వీలులేదు. నాలుగేసి గంటల చొప్పున వంతులు. వంటవంతు వచ్చినవాడు వండకపోతే అందరూ పస్తే.

నాలుగోరోజు రాత్రి రెండు గంటలకు ఆ అల్లరివాడే చుక్కాని దగ్గర నిలబడి ఉంటాడు. ఎదుట దిక్సూచి పళ్ళెంలో చిన్న ఎర్రదీపం. క్రింద పదిమంది నిద్రపోతున్నారు. అతన్ని నమ్మి నిద్రపోతున్నారు. ప్రక్కన సరంగు ఉన్నాడు, నిజమే. కాని ఆయన చేతులు వెనక్కు కట్టుకుని, నోరు మూసుకుని నిలబడ్డాడు. పడవ కాస్త ప్రక్కకు తొలిగినా వెంటనే సర్దడు. పిల్లవాడు చూచుకుని సర్దుకునేదాకా ఆగుతాడు. ఈ విద్యలో కష్టమైన పాఠం ఆ ఆగడమే; అది పిల్లవాడికి కాదు, పెద్దవాడికి.

చూపులేనివారి చుక్కాని

1978లో క్రిస్టఫర్ రడ్ అనే ఉపాధ్యాయుడు మరొక అడుగు ముందుకు వేశాడు. ఆయన అంగవైకల్యంగల పిల్లలకు పాఠాలు చెప్పేవాడు, స్వయంగా పడవలంటే ప్రాణం. సముద్రం వాళ్ళకు మాత్రం ఎందుకు దక్కకూడదని, ఎలిజబెత్ రాణి రజతోత్సవ నిధి సాయంతో జూబిలీ సెయిలింగ్ ట్రస్టును లేవదీశాడు. 1986లో లార్డ్ నెల్సన్ అనే మూడుస్తంభాల ఓడ నీటిమీదికి వచ్చింది. చక్రాలకుర్చీలు తిరిగేందుకు వీలైన వెడల్పాటి తట్టు, అంతస్తులమధ్య లిఫ్టులు, చూపులేనివారు చుక్కాని పట్టడానికి దిక్కును నోటితో చెప్పే దిక్సూచి. సిబ్బందిలో సగంమంది వికలాంగులు, సగంమంది కానివారు. ఇద్దరిద్దరు జతలు. రెండవ ఓడ టెనేషస్‌ను కట్టడంలో ఆ స్వచ్ఛంద సేవకులే, వికలాంగులతో సహా, చేతులు కలిపారు. 2000లో అది సముద్రం ఎక్కింది.

మనకు ముచ్చటగొలిపే విషయం మరొకటి ఉన్నది. లార్డ్ నెల్సన్‌కు నమూనా గీచిన కాలిన్ మడీగారే మన నౌకాదళపు శిక్షణనౌక తరంగిణికీ నమూనా గీచారు. గోవాలో కట్టిన ఆ ఓడ 1997లో నౌకాదళంలో చేరి, 2003–04లో భూగోళం చుట్టివచ్చింది.

భయమూ, ఖర్చూ

ఇంతవరకూ చదివి, "అంతా బాగానే ఉన్నది, ప్రమాదం మాట ఏమిటి?" అని తల్లులు అడుగుతారు. అడగవలసినదే. 1984 జూన్ 3వ తేదీన బెర్ముడా దగ్గర తెరచాప ఓడల పందెంలో మార్క్వెస్ అనే ఓడ హఠాత్తుగా వచ్చిన గాలికి ఒరిగి మునిగిపోయింది. 28 మందిలో 19 మంది పోయారు. వారిలో శిక్షణకు వచ్చిన చిన్నవాళ్ళూ ఉన్నారు. ఆ తరువాత బ్రిటన్‌లో శిక్షణనౌకల నిలకడను గూర్చిన నిబంధనలు బిగించారు. సముద్రం ఎవరికీ చుట్టం కాదు. ధైర్యం నేర్పేవాడు ముందు జాగ్రత్త నేర్వాలి. తేలుడు కోటు లేకుండా, వాతావరణ సూచన చూడకుండా పిల్లలను నీటిమీదికి దింపేవాడు సాహసి కాదు, బాధ్యత లేనివాడు.

రెండవది డబ్బు. మంచిపనికి మనుషులు దొరికినంత తేలికగా నిధులు దొరకవు. సరంగు జీతం పుచ్చుకోకపోయినా, ఓడకు రంగు, తాళ్ళు, మరమ్మతులు తప్పవు. లార్డ్ నెల్సన్ 2019లో విశ్రమించింది. 2023లో జూబిలీ ట్రస్టుకు సొమ్ము నిండుకుని ప్రయాణాలు ఆగిపోయాయి. నలభై అయిదేళ్ళు నడిచిన సంస్థ అది. ఒక గొప్ప ఓడ ఆగిన చోట, హుస్సేన్ సాగరంలోవంటి చిన్న పడవలు నూరు నడవవచ్చునేమో అనికూడా అనిపిస్తుంది.

ఇక ఒక వారంలో పిల్లవాడి బ్రతుకు మారిపోతుందా? మారదు. రేవునుంచి తిరిగివెళ్ళేసరికి అదే ఇరుకు ఇల్లు, అదే తాగుబోతు తండ్రి, అదే వీధి. తెరచాప ఉద్యోగం ఇవ్వదు, అప్పు తీర్చదు. ఒక్కటి మాత్రం చేస్తుంది. "నావల్ల ఏమవుతుంది?" అన్నవాడికి, తనవల్ల అయిన పని ఒకటి జ్ఞాపకం ఉంటుంది. అందుకే తెలిసినవారు ఒక్క ప్రయాణంతో సరిపెట్టరు. పిల్లవాణ్ణి మళ్ళీ పిలుస్తారు. నేర్చినవాడిచేత తరువాతివారికి నేర్పిస్తారు.

మన తీరం సంగతి

మనకు ఇది పరాయి విద్య కాదు. శాతవాహనుల నాణేలమీద రెండుస్తంభాల ఓడ ఉన్నది. ఓడ బ్రద్దలై సరుకు ఒడ్డుకు కొట్టుకువస్తే రాజులు స్వాధీనం చేసుకోవడం ఆనాటి రివాజు. ఆ రివాజును రద్దుచేసి, వర్తకులకు అభయమిస్తూ కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో శాసనం వేయించాడు. కోరంగి ఓడలు రంగూను దాకా పోయేవి. తొమ్మిదివందల కిలోమీటర్లకు పైబడిన తీరం మనది. పల్లెకారుల పిల్లలకు నేటికీ సముద్రం పెరడే. మిగతావాళ్ళం మాత్రం బీచికి వెళ్ళి, పాదాలు తడుపుకుని, మొక్కజొన్న కంకి తిని వస్తున్నాం. ఎన్.సి.సి. నౌకావిభాగంలో చేరిన విద్యార్థులు పడవలు నడపడం నేరుస్తున్నారు. ఆ సంగతి మన ఇళ్ళలో ఎందరికి తెలుసు?

ఇదంతా బావగారికి గట్టుమీద నిలబడే చెప్పాను. ఆయన ఓపికగా విన్నారు. చీకటి పడుతున్నది. పడవలు ఒకటొకటే గట్టు చేరుతున్నాయి. ఒక పిల్ల, పదేళ్ళుంటాయేమో, ఎదురుగాలిలో మెలికలు తిరుగుతూ అందరికన్నా వెనక వస్తున్నది. ఒడ్డున ఉన్నవాళ్ళెవరూ ఆమెకు సాయం పోలేదు. మెల్లగా తనంత తానే వచ్చి చేరింది.

అంతదాకా నోరు మెదపకుండా చూస్తున్న మా మేనల్లుడు అప్పుడన్నాడు: "మామయ్యా, నేనూ ఎక్కవచ్చా?"

నేను బావగారి ముఖం చూచాను. ఆయన కొంచెంసేపు ఊరుకుని, "వాడికి ఈత రాదోయ్" అన్నారు.

"గోదావరి గట్టున పుట్టి పెరిగిన పిల్లవాడికి ఈత రాదా, బావగారూ?"

ఆయన సిగ్గుపడ్డారు. "ఎప్పుడు నీళ్ళ దగ్గరికి పోబోయినా మేమే వెనక్కు లాగాం" అన్నారు. కారు దగ్గరకు వచ్చాక, తలుపు తీస్తూ ఆగి, "ముందు ఈత నేర్పిస్తాను. వేసవి సెలవులకు నీ దగ్గరికి పంపిస్తాను. మీ అక్కయ్యతో మాత్రం ఆ మాట నువ్వే చెప్పాలి సుమా!" అన్నారు.